గచ్చిబౌలి నుంచి వెళ్లిపోయినవాళ్లు

2022 మార్చి 20 రాత్రి, గోవాలోని ఫటోర్డా మైదానంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్ ముగింపుకొస్తోంది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కొట్టిన గోల్‌తో కేరళ బ్లాస్టర్స్ ముందుంది. స్టాండ్ల నిండా కేరళ అభిమానులే. రెండు జట్లదీ పసుపు రంగే అయినా ఆ రోజు పసుపు చొక్కా హైదరాబాద్‌కు దక్కింది, కేరళ నలుపు వేసుకుని దిగింది. మైదానంలో పసుపు మనది, గ్యాలరీలో పసుపు వాళ్లది. ఇంకో రెండు నిమిషాలు గడిస్తే కప్పు కొచ్చికి వెళ్లిపోతుందనగా, 88వ నిమిషంలో బాక్సు బయటి నుంచి సాహిల్ తవోరా వాలీ కొట్టాడు. 1-1.

షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్కులు ఆపాడు. హాలిచరణ్ నర్జరీ కొట్టిన బంతి వలలో పడింది. 3-1తో హైదరాబాద్ ఎఫ్‌సీ దేశానికి చాంపియన్ అయింది. ఆ రాత్రి గురించి మాట్లాడుకునేవాళ్లంతా కట్టిమణి చేతులను తలుచుకుంటారు. తలుచుకోవాల్సిందే. నాకు మాత్రం ముందు తవోరాయే గుర్తొస్తాడు. ఆట మొదలైనప్పుడు అతను బెంచీ మీదున్నాడు. మొదటి పదకొండు మందిలో చోటు దక్కనివాడు వచ్చి ఫైనల్‌ను నిలబెట్టగలిగాడంటే ఆ జట్టు లోతు ఎంతో అర్థమవుతుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ కూలిపోయిన కథను స్కోర్లతో మొదలుపెడితే సగమే తెలుస్తుంది. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే ఎటు వెళ్లారో చూడాలి.

క్లబ్ పుట్టుకే మరొకరి ఖాళీలో జరిగింది. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, ఆ స్థానాన్ని విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని తీసుకుని ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టారు. కొద్ది రోజులకే రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరాడు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానమైంది. మొదటి మ్యాచ్ కోల్‌కతాలో, ఏటీకే మీద, 5-0తో ఓడారు. ఆ సీజన్ పద్దెనిమిది మ్యాచ్‌ల్లో పది పాయింట్లు, పది జట్లలో పదో స్థానం. హల్ సిటీని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కు చేర్చిన ఫిల్ బ్రౌన్ కోచ్‌గా వచ్చి సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు.

తర్వాత జరిగింది అదృష్టమే. కొత్త కోచ్‌గా ఒప్పుకున్న ఆల్బర్ట్ రోకాను 2020 ఆగస్టులో బార్సిలోనా పిలిచింది. బార్సిలోనా పిలిస్తే ఎవరాగుతారు? హడావుడిగా వెతికితే దొరికిన మనిషి మనోలో మార్క్వెజ్. స్పెయిన్ కింది లీగుల్లో ఎక్కువ కాలం గడిపినవాడు. లాస్ పాల్మాస్‌లో కొన్నాళ్లు పనిచేశాడు. అతని పేరు విని గచ్చిబౌలిలో పండగ చేసుకున్నవాళ్లెవరూ లేరు.

మార్క్వెజ్ పేరున్న ఆటగాళ్లను అడగలేదు. ఉన్న కుర్రాళ్లను ఆడించాడు. కుడివైపు డిఫెండర్ ఆశిష్ రాయ్ సిక్కిం నుంచి వచ్చినవాడు. ఎడమవైపు ఆకాశ్ మిశ్రా ఉత్తరప్రదేశ్ వాడు, చేరేనాటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. మధ్యలో మణిపూర్ చింగ్లెన్‌సానా సింగ్. వింగ్‌లో గోవా లిస్టన్ కొలాసో, మిడ్‌ఫీల్డ్‌లో హితేశ్ శర్మ, మహమ్మద్ యాసిర్. కోవిడ్ వల్ల అన్ని జట్లనూ గోవాలో హోటళ్లలో పెట్టి, ఖాళీ స్టేడియాల్లో ఆడించిన సీజన్ అది. ఇరవై మ్యాచ్‌ల్లో మూడే ఓడి, పదకొండు డ్రా చేసుకుని, ఇరవై తొమ్మిది పాయింట్లతో ఐదో స్థానంలో నిలిచింది హైదరాబాద్. అప్పట్లో నాలుగో స్థానం దాకానే సెమీస్. ఒక్క మెట్టు తక్కువైంది.

అదే సమయంలో లీగ్ నిబంధన ఒకటి మారింది. 2021-22 నుంచి మైదానంలో విదేశీయులు ఐదుగురికి బదులు నలుగురే ఉండాలన్నారు. అంటే ఏడుగురు భారతీయులు తప్పనిసరి. విదేశీ స్టార్ల మీద డబ్బు గుమ్మరించిన క్లబ్బులకు ఆరుగురు మంచి భారత ఆటగాళ్లను వెతుక్కోవడమే కష్టంగా ఉంటే, మార్క్వెజ్ దగ్గర పన్నెండు మంది సిద్ధంగా ఉన్నారు. పైన నైజీరియా స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్బెచె, మధ్యలో కెప్టెన్, బ్రెజిల్‌వాడైన జావో విక్టర్. ఒగ్బెచె ఆ సీజన్‌లో పద్దెనిమిది గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. తవోరా వాలీ దాకా వచ్చిన దారి ఇది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే తర్వాతి దుర్దశకు విత్తనం ఈ విజయంలోనే ఉంది. చాంపియన్ కావడానికి ముందే, 2021 వేసవిలో, లిస్టన్ కొలాసోను ఏటీకే మోహన్ బగాన్‌కు అమ్మేశారు. దాదాపు కోటి రూపాయలని అప్పట్లో వార్తలొచ్చాయి. భారత ఆటగాడికి అదో పెద్ద ధర. లిస్టన్ పోయాక జట్టు బలహీనపడాలి. పడలేదు, ఏకంగా కప్పు గెలిచింది. 2022లో ఆశిష్ రాయ్ కూడా మోహన్ బగాన్‌కే వెళ్లాడు. మార్క్వెజ్ వింగర్ నిఖిల్ పూజారిని వెనక్కి లాగి కుడివైపు డిఫెండర్‌గా నిలబెట్టాడు. పూజారి ఆ కొత్త చోట ఎంత కుదురుకున్నాడంటే జాతీయ జట్టులోనూ అక్కడే ఆడాడు. 2022-23లో జట్టు నలభై రెండు పాయింట్లు తెచ్చుకుంది, చాంపియన్ అయిన ఏడాదికన్నా నాలుగు ఎక్కువ. లీగ్‌లో మళ్లీ రెండో స్థానం.

వాగు ఇసుకలో చెలమ తీస్తే తోడినకొద్దీ ఊరుతుంది. రెండు బిందెలు నింపుకున్నా మట్టం తగ్గినట్టు కనిపించదు. ఒకరిని అమ్మినా, ఇద్దరిని అమ్మినా జట్టు ఆడుతూనే ఉంది కాబట్టి, అమ్మకమే ఈ క్లబ్ నడిచే పద్ధతి అన్న నమ్మకం కుదిరిపోయింది. ఆ ఊట కోచ్ పనితనంలోంచి వస్తోందని, ఆ కోచ్ కూడా ఒక ఒప్పందం మీదే ఉన్నాడని ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో. ఒక్కో బదిలీని విడిగా తీసి చూస్తే ఏదీ తప్పనిపించదు. అదే బాధ.

2022 అక్టోబర్‌లో చాంపియన్లు గచ్చిబౌలికి తిరిగొచ్చారు. కప్పు గెలిచిన సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో జరగలేదన్న సంగతి ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది. ఊరు తన చాంపియన్లను టీవీలోనే చూసింది. ఎదురుగా చూడటానికి మిగిలింది ఆ ఒక్క సీజనే. డెక్కన్ లీజియన్ అభిమానులు డప్పులతో, పసుపు కండువాలతో వచ్చారు. బెంగళూరుపై ఒగ్బెచె గోల్‌తో 1-0 గెలుపు. అప్పుడు ఆ స్టాండ్లలో ఉన్నవాళ్లకు ఇదింకా మొదలేనని అనిపించి ఉంటుంది.

2023 మార్చిలో సెమీఫైనల్. గచ్చిబౌలిలో మోహన్ బగాన్‌తో 0-0. కోల్‌కతా సాల్ట్‌లేక్‌లోనూ 0-0. షూటౌట్‌లో స్ట్రైకర్లు సివెరియో, ఒగ్బెచె విఫలమయ్యారు. 4-3తో కోల్‌కతా జట్టు ఫైనల్‌కు వెళ్లి, కప్పు కూడా గెలిచింది. ఆ జట్టులో లిస్టన్ ఉన్నాడు, ఆశిష్ ఉన్నాడు.

మే 3న కోళికోడ్‌లో ఏఎఫ్‌సీ కప్ అర్హత మ్యాచ్. మళ్లీ మోహన్ బగానే, మళ్లీ ఓటమి. చింగ్లెన్‌సానా ఆ సాయంత్రం డిఫెన్స్‌లో ఆడుతున్న వేళకే మణిపూర్‌లో హింస మొదలైంది. చురాచాంద్‌పూర్‌లో అతని ఇల్లు కాలిపోయింది, అక్కడి పిల్లల కోసం అతను కట్టించిన ఫుట్‌బాల్ టర్ఫ్ కూడా కాలిపోయింది. ఇంట్లోవాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. మ్యాచ్ ముగిసి ఫోను తీసి చూసుకున్నాక అతనికి సంగతి తెలిసింది. ఆ మనిషికి తర్వాతి నెలల్లో తన క్లబ్ కూడా కాళ్ల కింద నుంచి జారిపోయింది. దీన్ని కాకతాళీయమనడం తప్ప ఏమనాలో నాకు తెలియదు.

ఆ వేసవిలో మార్క్వెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి. నర్జరీ, రోహిత్ దానూ బెంగళూరుకు. సివెరియో, బోర్హా హెరేరా ఈస్ట్ బెంగాల్‌కు. డిఫెండర్ ఓనైందియా వెళ్లిపోయాడు. ఒగ్బెచె వెళ్లిపోయాడు. ఏడాదికి ఒక్కరు కదిలిన జట్టులోంచి ఒక్క బదిలీ విండోలోనే వెన్నెముక మొత్తం కదిలింది. ఈసారి పూజారిని వెనక్కి లాగే కోచ్ లేడు.

వాళ్ల చోట్లోకి వచ్చినవాళ్లను తక్కువ చేయలేం. మెక్సికో జాతీయ జట్టుకు ఆడిన డిఫెండర్ ఓస్వాల్దో అలానిస్, కోస్టారికా స్ట్రైకర్ జొనాథన్ మోయా, ఫిన్లండ్ మిడ్‌ఫీల్డర్ పెట్టెరి పెన్ననెన్, ఆస్ట్రేలియా నుంచి జో నోల్స్, బ్రెజిల్ నుంచి ఫెలిపె అమోరిమ్. ఐర్లండ్ కోచ్ కానర్ నెస్టర్. కాగితం మీద మంచి జట్టే. కాకపోతే ఐదు దేశాల నుంచి ఐదుగురిని ఒకేసారి తెచ్చి, అప్పటికే సగం ఖాళీ అయిన గదిలో కూర్చోబెట్టారు. వాళ్లు ఒకరి పరుగు మరొకరికి అలవాటయ్యేలోపే జీతాలు ఆగాయి.

జీతాలు ఆగితే ఫుట్‌బాల్ క్లబ్‌కు ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మామూలు కంపెనీ ఇబ్బంది లాంటిది కాదు. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం బాకీపడితే, ఆటగాడు పదిహేను రోజుల గడువిస్తూ నోటీసు పంపవచ్చు. అప్పటికీ డబ్బు రాకపోతే ఒప్పందం తెంచుకుని ఉచితంగా వెళ్లిపోవచ్చు. అంటే నిన్నటిదాకా లక్షలు పలికే ఆటగాడు రేపటికి రూపాయి రాల్చకుండా పోతాడు. పాత బాకీలు తేలకపోతే క్లబ్ కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడుతుంది. ఉన్నవాళ్లను నిలుపుకోలేదు, కొత్తవాళ్లను తెచ్చుకోలేదు. ఓడితే జనం రారు, జనం రాకపోతే స్పాన్సర్ రాడు, స్పాన్సర్ రాకపోతే జీతం లేదు. హైదరాబాద్ మీద ఆ నిషేధం పడింది, ఈ చక్రం మొత్తం ఒక్క శీతాకాలంలో తిరిగింది.

జనవరి 2024 విండోలో మిగతా క్లబ్బులు ఆటగాళ్లను కొనుక్కుంటుంటే హైదరాబాద్ వీడ్కోళ్లు చెబుతూ కూర్చుంది. పూజారి, చింగ్లెన్‌సానా బెంగళూరుకు వెళ్లారు. యాసిర్ గోవాకు, తన పాత కోచ్ దగ్గరికి. గోల్‌కీపర్ గుర్మీత్ నార్త్ఈస్ట్‌కు. విదేశీయులు ఒకరి వెనక ఒకరు విమానం ఎక్కారు. మిగిలిన విదేశీయుడు ఒక్కడే, జావో విక్టర్. నెస్టర్ కూడా వెళ్లాడు. పగ్గాలు మార్క్వెజ్ కాలంలో సహాయకుడిగా ఉన్న తాంగ్‌బోయ్ సింగ్తో చేతిలో ఉన్నాయి. రిజర్వు జట్టు కుర్రాళ్లను తెచ్చి ఐఎస్‌ఎల్‌లో దింపాడు. డెవలప్‌మెంట్ లీగ్‌లో తోటి పిల్లలతో ఆడాల్సినవాళ్లు మోహన్ బగాన్, ముంబై స్ట్రైకర్ల ఎదుట నిలబడ్డారు. ఆ కుర్రాళ్లను ఎవరూ నిందించకూడదు. ఒకప్పుడు ఫైనల్‌ను కాపాడిన బెంచీ ఇప్పుడు సంఖ్య నింపడానికే కష్టపడింది.

ఇరవై రెండు మ్యాచ్‌లు. పదహారు ఓటములు, ఐదు డ్రాలు, చెన్నైలో చెన్నయిన్ మీద 1-0తో ఒకే ఒక్క గెలుపు. ఎనిమిది పాయింట్లు. రెండేళ్ల కిందటి చాంపియన్ అట్టడుగున.

ఏప్రిల్ 12న గచ్చిబౌలిలో ఆఖరి మ్యాచ్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. ఫటోర్డా ఫైనల్ ఆడిన అదే కేరళ. 3-1తో హైదరాబాద్ ఓడింది. ఆ ఒక్క గోల్ కొట్టింది జావో విక్టర్. ఫటోర్డా షూటౌట్‌లో హైదరాబాద్ తరఫున గోల్ చేసిన ముగ్గురిలో అతనొకడు. అందరూ వెళ్లిపోతుంటే అతనెందుకు ఉండిపోయాడో గానీ, ఆ సీజన్‌లో గౌరవంగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదే.

ఆ వారంలోనే 'మైదాన్' సినిమా విడుదలైంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ కథ. హైదరాబాదీ బడిపంతులు, భారత్‌కు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కోచ్. థియేటర్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ వైభవం నడుస్తుంటే, గచ్చిబౌలిలో హైదరాబాద్ ఫుట్‌బాల్ చివరి స్థానంలో సీజన్ ముగిస్తోంది.

రహీమ్ సాబ్ తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. వాళ్ల ఆటగాళ్లకు జీతం పోలీసు ఉద్యోగం. కోల్‌కతా క్లబ్బులు డబ్బు ఆశ చూపితే అప్పుడూ జనం వెళ్లారు. అమ్ముగూడ తులసీదాస్ బలరామ్ 1950ల్లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960ల్లో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. హబీబ్‌ను కోల్‌కతా ఇప్పటికీ తనవాడే అనుకుంటుంది. 1963లో రహీమ్ క్యాన్సర్‌తో పోయాడు. అయినా 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. స్టార్లు వెళ్లినా గల్లీల్లో, కంటోన్మెంట్ మైదానాల్లో ఇంకా పిల్లలున్నారు కాబట్టి కొన్నేళ్లు నడిచింది. ఆ పిల్లలూ తగ్గాక ఆ ట్రోఫీ మీద మన పేరు మళ్లీ పడలేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ దగ్గర ఆ కొన్నేళ్ల ఆసరా కూడా లేదు. ఫటోర్డాలో గెలిపించిన తవోరా గోవావాడు, కట్టిమణీ గోవావాడే. నర్జరీ అస్సాం, మిశ్రా ఉత్తరప్రదేశ్, చింగ్లెన్‌సానా మణిపూర్. ఇందులో తప్పేమీ లేదు, భారత ఫుట్‌బాల్‌లో ఏ క్లబ్ అయినా ఇంతే. కానీ వాళ్లు వెళ్లిపోయిన రోజున, పిలిస్తే వచ్చి ఆడే ఊరి పిల్లలు రెండో వరసలో నలుగురైదుగురు ఉండి ఉంటే, జట్టు ఓడేదేమో గానీ అంత అనాథ అయ్యేది కాదు. బొరుస్సియా డార్ట్‌మండ్‌తో ఒప్పందం చేసుకున్న క్లబ్ ఇది. జర్మనీలో కుర్రాళ్లను తీర్చడానికి పేరుపడ్డ క్లబ్ అది. ఆ ఒప్పందంతో బార్కస్ కుర్రాడికో, బొల్లారం కుర్రాడికో మొదటి జట్టు చొక్కా దక్కిన గుర్తు నాకు లేదు.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. ఊపిరి నిలిచింది. సీజన్ మొదలవడానికి కొద్దిరోజుల ముందు కట్టిన జట్టుతో పద్దెనిమిది పాయింట్లు తెచ్చుకుని, పదమూడు జట్లలో పన్నెండో స్థానంలో నిలిచింది. సింగ్తో మధ్యలోనే వెళ్లిపోయాడు.

ఆ సీజన్ ఫైనల్ 2025 ఏప్రిల్ 12న సాల్ట్‌లేక్‌లో జరిగింది, గచ్చిబౌలి ఆఖరి మ్యాచ్‌కు సరిగ్గా ఏడాది. మోహన్ బగాన్ ఆటగాళ్ల పట్టికలో లిస్టన్, ఆశిష్ రాయ్. బెంగళూరు పట్టికలో చింగ్లెన్‌సానా, పూజారి. కప్పు మోహన్ బగాన్‌కు పోయింది. అంతకు ముందటేడు ముంబై కప్పు గెలిచినప్పుడు ఆకాశ్ మిశ్రా ముంబై వాడు. 2025 మే 3న సూపర్ కప్ ఫైనల్లో గోవా గెలిస్తే రెండు గోల్స్ కొట్టింది బోర్హా హెరేరా, కోచ్ మార్క్వెజ్. మన జట్టు మంచి జట్టే. దేశంలో కప్పులన్నీ గెలుస్తూనే ఉంది, తలో చొక్కాలో.

2025లో క్లబ్ ఢిల్లీకి మారింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. పుణె ఖాళీ చేసిన చోటు హైదరాబాద్‌కు వచ్చిన 2019 ఆగస్టులోనే, ఢిల్లీ డైనమోస్ తట్టాబుట్టా సర్దుకుని భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అప్పుడు జట్టు పోగొట్టుకున్న ఢిల్లీ అభిమానులకు ఆరేళ్లకు మన క్లబ్ దక్కింది. వాళ్లకు సంతోషంగానే ఉండి ఉంటుంది. పుణెవాళ్ల గురించి 2019లో హైదరాబాద్‌లో మనమూ పెద్దగా ఆలోచించలేదు.